కొంగుకి పిన్నీసు, కడప రాతి మీద నిమ్మచెక్క

ప్రశ్న: అక్కా, మేం బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాం, సొంతూరు మదనపల్లె దగ్గర. ఉగాదికి ఇల్లు దులుపుదామని బీరువా తీస్తే అమ్మ చీరలు పదకొండు బయటపడ్డాయి. అమ్మ పోయి రెండేళ్ళు. ఒక నూలుచీర కొంగుకి పిన్నీసు ఇంకా అలాగే ఉంది, అది చూశాక ఆ రోజు పని అక్కడే ఆగిపోయింది. మా ఆయనేమో ఎవరికైనా ఇచ్చెయ్, ఇల్లు ఇరుకు అంటారు. ఇవ్వలేను, కట్టుకోలేను. ఇంకోటి, నేల తుడిచే లిక్విడ్ వాసనకి మా పాపకి దగ్గు వస్తోంది. ఇంట్లో ఉండేవాటితోనే శుభ్రం చేసుకోవచ్చా?

జవాబు: చెల్లీ, ముందు ఆ పిన్నీసు తీయకు. ఆ చీర ఉతకొద్దు కూడా, అలాగే మడిచి పాత పంచె గుడ్డలో చుట్టి పెట్టుకో. పదకొండింటిలో ఒకటి ఏ పనికీ రాకుండా ఊరికే ఉన్నంత మాత్రాన ఇల్లేమీ ఇరుకైపోదు, ఈ మాట నేనన్నానని మీ ఆయనకి చెప్పు.

మిగిలినవాటిలో పట్టువి వేరే పెట్టు. వాటి మీద కత్తెర వెయ్యకు, కనీసం ఈ ఏడాది. పాపకి పరికిణీ కుట్టిద్దామని సరాసరి టైలర్ దగ్గరికి పోతారు చాలామంది. పాత పట్టు మడతల దగ్గర చీకిపోయి ఉంటుంది, కుట్టు పడగానే అక్కడే చిరుగుతుంది, చీరా పోయె పరికిణీ పోయె. వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూడు, మడత దగ్గర జల్లెడలా కనిపిస్తే అంచు ఒక్కటే విప్పించి కొత్త నూలు పరికిణీకి వేయించు. వీధిలో పాత జరీచీరలు కొంటాం అని వచ్చేవాళ్ళకి మాత్రం తొందరపడి ఇవ్వకు, వాళ్ళు కొనేది కాల్చి వెండి తీసుకోవడానికే. జరీ పోగుని గోరుతో గీకితే లోపల ఎర్ర పట్టుదారం కనిపించిందంటే మామూలుగా అది అసలు వెండి జరీ అని లెక్క.

నూలువాటికి మన బొంతని మించింది లేదు. నాలుగైదు చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి, చిరుగులున్నవి లోపలికి, బాగున్నవి పైకీ కిందకీ పెట్టి, సూదితో దగ్గర దగ్గరగా కుట్టుకుంటూ పోవడమే. ఇక్కడి కన్నడవాళ్ళు కౌది అంటారు. ఉత్తర కన్నడ జిల్లాలో సిద్ది తెగ ఆడవాళ్ళు కుట్టేవాటిని కవంది అంటారు, వాళ్ళు అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ మధ్యకి వస్తారు, గుడ్డ ముడత పడకుండా ఉండటానికి అది మంచి పద్ధతి. రోజుకి ఒక వరస కుట్టినా చాలు. పాపని పక్కన కూర్చోబెట్టుకుని, ఈ చీర అమ్మమ్మ ఎప్పుడు కట్టుకునేదో చెబుతూ కుట్టు.

ఇక దగ్గు సంగతి. నన్నడిగితే సగం దగ్గు వాసనది కాదు, దుమ్ముది. పొడి చీపురుతో దులిపితే లేచిందంతా మళ్ళీ అక్కడే పడుతుంది. తడిగుడ్డతో తుడువు, ఆ పూట పాపని పక్కింట్లో ఉంచు. అప్పటికీ దగ్గు తగ్గకపోతే డాక్టర్‌కి చూపించాల్సిందే, అందులో మొహమాటం వద్దు.

తుడవడానికి కుంకుడుకాయలు చాలు. కె.ఆర్. మార్కెట్ వైపు గ్రంథిగె అంగళ్ళలో, అంటే పూజసామాను, మూలికలు అమ్మే కొట్లలో, అంటువాళకాయి అని అడుగు. ఇరవై కాయలు గింజలు తీసి లీటరు నీళ్ళలో రాత్రి నానబెట్టు, పొద్దున పావుగంట మరిగించి, చల్లారాక పిసికి వడకట్టు. ఫ్రిజ్‌లో పెట్టుకుని వారంలోపు వాడెయ్యాలి. మీ బోరు నీళ్ళలో కాల్షియం ఎక్కువ కాబట్టి సబ్బు తెట్టు కడుతుంది, కుంకుడు రసం అలా కట్టదు. తెల్లగుడ్డకి మాత్రం కాస్త రంగు పడుతుంది, చూసుకో.

నిమ్మచెక్క, చింతపండు ఇత్తడికి బ్రహ్మాండం, ఉప్పుతో కలిపి రుద్ది, వెంటనే కడిగి పొడిగుడ్డతో తుడిస్తే అమ్మవారి కుందులు తళతళలాడతాయి. కానీ సహజం కదా అని అన్నిటికీ రాసెయ్యకు. మా వంటింట్లో కడప రాయి. అది సున్నపు రాయి, పులుపు తగిలితే తింటుంది. నేనోసారి నిమ్మచెక్క దాని మీద పెట్టి ఫోన్ మాట్లాడుతూ ఉండిపోయాను, ఆ గుండ్రటి తెల్లమచ్చ ఇప్పటికీ ఉంది, వచ్చినవాళ్ళంతా అది పాలమరక అనుకుని తుడుస్తుంటారు! పాలరాయికీ ఇదే గతి.

బీరువాలో నాఫ్తలీన్ ఉండలు తీసెయ్. వసకొమ్ము, ఇక్కడ బజె అంటారు, లేదా బాగా ఎండిన వేపాకు పల్చటి గుడ్డలో మూటకట్టి పెట్టు. పట్టుచీరల మడతలు మూడు నెలలకోసారి మార్చు.

ప్రశ్న: మేడమ్, మాది బనశంకరి. వంట సోడా, వెనిగర్ కలిపి సీసాలో పోసి పెట్టుకుంటే అన్నిటికీ పనికొస్తుందని వీడియోల్లో చూపిస్తున్నారు. నేను చేశాను, నురగ బాగానే వచ్చింది గానీ కుళాయి మీద తెల్ల మరకలు పోలేదు. ఎందుకని?

జవాబు: నురగే వచ్చిందండీ, పని కాలేదు. సోడా క్షారం, వెనిగర్ ఆమ్లం, రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. పైకి పొంగింది కార్బన్ డయాక్సైడ్, అడుగున మిగిలింది దాదాపు ఉప్పునీళ్ళు. మూత బిగించి పెడితే సీసా పేలే ప్రమాదం కూడా ఉంది, అది పారబోసెయ్యండి. కుళాయి మీదది నీళ్ళలోని సున్నం, దానికి వెనిగర్ ఒక్కటే చాలు: గుడ్డ తడిపి కుళాయికి చుట్టి అరగంట వదిలెయ్యండి, తర్వాత రుద్ది కడగండి. జిడ్డుకి సోడా విడిగా వాడండి. బ్లీచింగ్ పౌడర్‌లో మాత్రం వెనిగర్ గానీ బాత్రూమ్ ఆసిడ్ గానీ ఎప్పుడూ కలపకండి, క్లోరిన్ వాయువు వస్తుంది, చిన్న బాత్రూమ్‌లో ఊపిరాడదు.