జపనీస్‌కి తెలుగు మీదుగా దారి

అమ్మలూ,

జపనీస్ మొదలుపెడుతున్నావు కదా, ఇంగ్లీషులో అనుకుని తిప్పే అలవాటు ముందే మానుకో. తెలుగులోంచి నేరుగా వెళ్లు. క్రియ చివర్న, విభక్తి మాట వెనక, రెండు భాషల్లోనూ ఇదే నడక. ‘ఎకి కర ఉచి మదె అరుకిమస్’: స్టేషన్ నుంచి ఇంటి దాకా నడుస్తాను. మాటకి మాట సరిపోయింది చూడు. ‘తబెతె’ అంటే తిని, ‘తబెతె మిమస్’ అంటే తిని చూస్తాను. ఆ ‘మి’ మన ‘చూడు’ లాంటిదే!

లిపి నేర్చుకోవడం వాయిదా వేయకు. మొదటి లిపి హిరగన 46 అక్షరాలు, వరసలు పది: అ, క, స, త, న, హ, మ, య, ర, వ. బౌద్ధులు సంస్కృతం రాసుకున్న ‘సిద్ధం’ అనే లిపి చదువు ప్రభావంతో వచ్చిన క్రమం కాబట్టి మన వర్ణమాల ఛాయే కనిపిస్తుంది. రోజుకో వరస చేత్తో రాయి. రెండో లిపి కతకన ఆ తర్వాత. దీర్ఘం, ద్విత్వం మనకి పుట్టుకతో వచ్చినవి, నిర్లక్ష్యం చేయకు. ‘ఒబసన్’ పిన్ని వయసావిడ, ‘ఒబాసన్’ బామ్మ. ‘కితె’ వచ్చి, ‘కిత్తె’ తపాలా బిళ్ళ. ‘త్సు’ పలకడానికి ‘చుక్క’లో చకారం గుర్తుచేసుకో.

తెలుగు మోసం చేసే చోటు ‘లో’. ఉండే చోటుకి ‘ని’, పని జరిగే చోటుకి ‘దె’. ‘తోక్యో ని సుందె ఇమస్’, టోక్యోలో ఉంటున్నాను. ‘తోక్యో దె హతరైతె ఇమస్’, టోక్యోలో పనిచేస్తున్నాను. మనకి రెండూ ‘లో’నే, అందుకే చేయి అటే పోతుంది. రోజూ ఐదు తెలుగు వాక్యాలు రాసుకుని, ప్రతి ‘లో’ కిందా గీత గీసి, ఉండటమా, చేయటమా అని తేల్చుకున్నాకే జపనీస్‌లో రాయి.

‘అత్సుయి’ లాంటి విశేషణాలకీ కాలం ఉంటుంది, ఇది మనకి కొత్త. ‘వేడిగా ఉంది’కి ‘అత్సుయి దెస్’, ‘వేడిగా ఉండింది’కి ‘అత్సుకత్త దెస్’. ‘అత్సుయి దెషిత’ అనకు, తప్పు.

‘మీరు’కి పుస్తకాల్లో ‘అనత’ అని ఉంటుంది. ముఖం మీద అలా అనడం మర్యాద కాదు, పేరుకి మన ‘గారు’ లాంటి ‘సన్’ చేర్చి పిలువు. నీ పేరుకి మాత్రం చేర్చకు. కొట్లో ‘కొరె ఒ ఫుతత్సు కుదసయి’ అంటే ఇవి రెండివ్వండి. సంచీ కావాలా అని అడిగితే ‘దైజోబు దెస్’ చాలు, వద్దులెండి అని అర్థం.

‘లో’లు గీసిన కాగితం ఆదివారానికి పంపు, దిద్దుతాను.

ఆశీస్సులతో,
పెదనాన్న