నీడ మాయమయ్యే రోజు: అనంతపురంలో జూన్ 21 కాదు

"మధ్యాహ్నం నీడ పడని రోజు ఏది?" అనే ప్రశ్నకు మీ వాడి జీకే పుస్తకంలో జూన్ 21 అని ఉంది, అనంతపురంలో కూడా అంతేనా అని అడిగారు. కాదండీ. హైస్కూల్లో ఒక క్విజ్‌లో నేనూ ఇదే చెప్పి మార్కు కొట్టేశాను, అది తప్పని తెలిసేసరికి పదిహేనేళ్లు పట్టింది.

జూన్ 21 అనేది కర్కాటక రేఖ మీద ఉన్న ఊళ్ల జవాబు. సూర్యుడు ఆ రోజుకు 23.4 డిగ్రీల ఉత్తరం దాకా పోయి వెనక్కి తిరుగుతాడు, ఉజ్జయిని, భోపాల్ వాళ్లకు ఇంచుమించు సరిపోతుంది. మన ఊరు 14.7 డిగ్రీల దగ్గరుంది కాబట్టి పోయేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి మన నడినెత్తి మీదుగా పోవాల్సిందే. బెంగళూరుకు ఏప్రిల్ 24 ప్రాంతంలో, మనకు ఏప్రిల్ 30కి అటూ ఇటూ, కర్నూలుకు మే 3 దగ్గర, హైదరాబాద్‌కు మే 9న. రెండోసారి ఆగస్టులో, కానీ అప్పుడు మబ్బులుంటే ఏమీ కనపడదు. ఢిల్లీకి ఈ రోజే రాదు, అది కర్కాటక రేఖకు పైన ఉంది మరి.

నేను నమ్మలేక మిద్దెక్కి చూశాను. అడుగు పొడవు పీవీసీ పైపు ముక్క నిలబెట్టి, దారానికి బోల్టు కట్టి నిటారుగా ఉందో లేదో సరిచూసుకుని, సరిగ్గా 12 గంటలకు చూస్తే పడమటి వైపు వేలెడు వెడల్పు నీడ ఉండనే ఉంది! అరికాళ్లు కాలిపోతున్నాయి, కిందనుంచి మా అమ్మ "ఈ ఎండలో పైపుకు కావలి కాస్తాండావా ఏమిరా" అని ఒకటే కేకలు. తప్పు నాదే. మన గడియారం టైము కాకినాడ దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశానిది, మనం దానికి ఐదు డిగ్రీలు పడమర, డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున ఇరవై నిమిషాలు ఆలస్యం, అందులో ఆ రోజుల్లో సూర్యుడు రెండు మూడు నిమిషాలు ముందుంటాడు. అంటే 12:17. ఆ టైముకు నీడ పైపు మొదట్లోకి దూరిపోయింది, బట్టలారేసే తీగ నీడ కూడా సరిగ్గా తీగ కిందికే వచ్చింది. ఐదు నిమిషాలకే తూర్పు వైపు సన్నగా మళ్లీ మొదలైంది.

ఇంకో తమాషా ఏమంటే, జూన్ 21న మనకు నీడ లేకపోవడం కాదు, మధ్యాహ్నం దక్షిణం వైపు పడుతుంది, మీటరు కర్రకు 15 సెంటీమీటర్ల దాకా. మీది ఉత్తరం వాకిలి అయితే ఆ రోజుల్లో నడిమధ్యాహ్నం ఎండ మెట్ల మీదకు రావడం మీరు చూసే ఉంటారు.

మీ వాడికి ఏప్రిల్ చివర్లో పైపు ముక్క ఇచ్చి మిద్దెక్కించండి, చెప్పులేసుకోమనండి. పరీక్షలో మాత్రం ఆప్షన్లలో జూన్ 21 తప్ప వేరే దారి లేకపోతే అదే పెట్టమనండి, మార్కు పోగొట్టుకోవడం దేనికి.