పాఠకుల ప్రశ్నలు – జవాబులు: బెర్లిన్ చెంత భారత సిపాయిల సమాధులు

ప్రశ్న: జర్మనీలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి, బెర్లిన్‌కు దక్షిణాన ఒక అడవిలో మన సైనికుల సమాధులున్నాయని ఫొటోలు పంపాడు. మొదటి ప్రపంచయుద్ధంలో మనవాళ్లు బ్రిటిష్‌వారి తరఫున జర్మనీ మీద పోరాడారు కదా! అలాంటప్పుడు శత్రుదేశపు రాజధానికి అంత దగ్గరలో వారి సమాధులు ఎలా వచ్చాయి?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మీ అబ్బాయి చూసినది జెహ్రెన్స్‌డోర్ఫ్ భారతీయ సైనిక శ్మశానం అయి ఉండాలి. అది బెర్లిన్‌కు దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో, వూన్స్‌డోర్ఫ్ పట్టణం పక్కన ఉంది. అక్కడ 206 మంది భారత సైనికుల స్మృతి పదిలంగా ఉంది. వీరు యుద్ధభూమిలో నేలకొరిగినవారు కారు. ఖైదీలుగా చిక్కి, నిర్బంధంలో ఉండగా చనిపోయినవారు.

1914 సెప్టెంబరు చివర లాహోర్, మీరట్ డివిజన్ల సైనికులు మార్సెయ్ రేవులో దిగడం మొదలుపెట్టారు. ఫ్రాన్సు, బెల్జియం సరిహద్దు కందకాలలో వారు గడిపిన తొలి చలికాలంలోనే, ముఖ్యంగా డిసెంబరులో జివాన్షీ దగ్గర జరిగిన పోరులో, చాలామంది జర్మన్లకు పట్టుబడ్డారు. వారిలో అధికభాగాన్ని, ఫ్రెంచి సైన్యంలో పనిచేసిన ఉత్తర ఆఫ్రికా ముస్లిం ఖైదీలతోపాటు, వూన్స్‌డోర్ఫ్‌లోని ‘హాల్బ్‌మోండ్‌లాగర్’కు, అంటే అర్ధచంద్ర శిబిరానికి తరలించారు.

ఆ శిబిరాన్ని జర్మనీ ఊరికే నడపలేదు. 1914 నవంబరులో జర్మనీ మిత్రుడైన తుర్కీ సుల్తాను జిహాద్ ప్రకటించాడు కనుక, బ్రిటన్, ఫ్రాన్సు, రష్యా సామ్రాజ్యాల కింద ఉన్న ముస్లిం సైనికులను, వారితోపాటు ఇతర భారతీయులను తమవైపు తిప్పుకోవచ్చన్నది బెర్లిన్ అధికారుల ఆశ. అందుకే 1915లో అక్కడ కొయ్యతో మసీదు కట్టించారు. ఆరాధన కోసం జర్మనీ గడ్డపై కట్టిన మొదటి మసీదు అదేనంటారు. ఖైదీల కోసం హిందీ, ఉర్దూ భాషల్లో ‘హిందోస్తాన్’ అనే పత్రికను అచ్చువేశారు. బెర్లిన్‌లోని భారతీయ విప్లవకారుల కమిటీ కూడా ఈ ప్రయత్నంలో పాలుపంచుకుంది. ఆ కమిటీ ప్రముఖుల్లో ఒకరైన వీరేంద్రనాథ్ చట్టోపాధ్యాయ హైదరాబాదులో పుట్టిన వ్యక్తి, సరోజినీ నాయుడు తమ్ముడు. ఇంత చేసినా, తిరుగుబాటుకు సిద్ధమైన సిపాయిలు కొద్దిమందే. ఇందులో వింతేమీ లేదని నా అభిప్రాయం. చలికి వణుకుతూ ఇంటి ఉత్తరం కోసం ఎదురుచూసే మనిషికి ఏ సామ్రాజ్యం ప్రసంగమైనా చెవికెక్కదు.

ఆ శిబిరంలో మృత్యువు క్షయ, న్యుమోనియాల రూపంలో వచ్చింది. అదే శిబిరంలో, ప్రష్యా (జర్మనీలోని ప్రధాన రాజ్యం) ప్రభుత్వం నియమించిన పండితులు ఖైదీల భాషలను గ్రామఫోను పలకలపై రికార్డు చేశారు; ఆ పలకలు నేటికీ బెర్లిన్‌లోని హంబోల్ట్ విశ్వవిద్యాలయం సేకరణలో ఉన్నాయి. 1916 డిసెంబరు 11న మాల్ సింగ్ అనే పంజాబీ సిపాయి తన కథనే మరెవరిదో అన్నట్టు చెప్పుకున్నాడు. హిందుస్తాన్‌లో వెన్న తిని బతికిన ఒక మనిషి ఈ ఐరోపా యుద్ధంలోకి వచ్చి పట్టుబడ్డాడని, అతనికి తిరిగి తన దేశం వెళ్లాలని ఉందని ఆ మాటల సారాంశం. భాషాశాస్త్రం కోసం తీసిన నమూనా ఇది. ఏ అధికారిక నివేదికలోనూ దొరకని సంగతి అందులో దొరికింది.

ప్రశ్న: మనలో హిందువులను దహనం చేస్తారు కదా, వారికి సమాధిరాళ్లు ఎందుకు పెట్టారు? ఆ రాళ్ల మీద ఏమి రాసి ఉంటుంది?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: రాయి ఉన్నంతమాత్రాన దాని కింద దేహం ఉన్నట్టు కాదు. 1917లో ఏర్పడిన ఇంపీరియల్ వార్ గ్రేవ్స్ కమిషన్ (యుద్ధమృతుల సమాధులను చూసుకునే సంస్థ; నేటి కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ అదే) హోదానుగానీ, జాతినిగానీ, మతాన్నిగానీ బట్టి తేడా లేకుండా ప్రతి సైనికుడికీ ఒకే కొలత రాయి అనే నియమం పెట్టుకుంది. పేరు, దళం, మరణించిన తేదీ చెక్కడంతోపాటు, భారతీయుల రాళ్లపై మతాన్ని అనుసరించి ప్రార్థనావాక్యం చెక్కుతారు. హిందువులకు నాగరిలో ‘ఓం భగవతే నమః’, సిక్కులకు గురుముఖిలో ‘ఏక్ ఓంకార్’, ముస్లింలకు అరబ్బీ వాక్యాలు ఉంటాయి.

దహనం జరిగిన చోటు గుర్తున్న సందర్భాలూ ఉన్నాయి. ఇంగ్లండులోని బ్రైటన్ ఆసుపత్రులలో చనిపోయిన 53 మంది హిందూ, సిక్కు సైనికులను ఊరి పైనున్న గుట్టల మీద దహనం చేశారు. ఆ స్థలంలో తెల్లని చలువరాతి ‘ఛత్రి’ని 1921లో ఆవిష్కరించారు. కానీ ఆ 53 పేర్లు అక్కడ రాతికెక్కడానికి 2010 వరకు ఆగవలసి వచ్చింది. మంటపం కట్టినవారికి పేర్లు చెక్కాలన్న ఆలోచన తొంభై ఏళ్లపాటు రాకపోవడం నాకు మింగుడుపడని విషయం.

ప్రశ్న: ఆ శ్మశానం ఇన్నేళ్లు బాగానే ఉందా? మామూలు యాత్రికులు వెళ్లవచ్చా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: బాగాలేదు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత వూన్స్‌డోర్ఫ్ తూర్పు జర్మనీలోని సోవియట్ సేనల ప్రధాన స్థావరమైంది, చుట్టుపక్కల ప్రాంతం సైనిక శిక్షణకు పోయింది. దశాబ్దాలపాటు బయటివారికి ప్రవేశం లేదు, సమాధులు బాగా దెబ్బతిన్నాయి. 1994లో రష్యా సేనలు వెళ్లిపోయాక కమిషన్ పునరుద్ధరణ చేపట్టి 2005 నాటికి పూర్తిచేసింది. ఇప్పుడు వెళ్లవచ్చు. వూన్స్‌డోర్ఫ్-వాల్డ్‌స్టాట్ స్టేషనుకు బెర్లిన్ నుంచి ప్రాంతీయ రైలు ఉంది, అక్కడినుంచి అడవిదారి. పాత సైనిక ప్రాంతం కనుక దారి విడిచి పొదల్లోకి పోకూడదు.

ప్రశ్న: మా ముత్తాత మొదటి యుద్ధానికి వెళ్లి తిరిగి రాలేదని ఇంట్లో చెబుతారు. ఆయన పేరు జెహ్రెన్స్‌డోర్ఫ్‌లో ఉండవచ్చా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: అవకాశం తక్కువ. అక్కడున్నవారిలో ఎక్కువమంది సిక్కులు, గూర్ఖాలు, పంజాబీ ముస్లింలు, గఢ్వాలీలు, పఠాన్లు. కొన్ని జాతులే పోరుకు తగినవనే ‘యుద్ధవీర జాతులు’ అన్న సిద్ధాంతం బ్రిటిష్ సైనికాధికారుల తలకెక్కిన కాలంలో మద్రాసు సైన్యం కుదించుకుపోయింది. మిగిలిన దక్షిణాది దళాలు ఎక్కువగా ఇతర రంగాలకు వెళ్లాయి. 1914 నవంబరులో తూర్పు ఆఫ్రికాలోని టాంగా వద్ద 61వ పయనీర్లు, 63వ పాలంకోట పదాతిదళం పోరాడాయి. మద్రాసు సాపర్స్ అండ్ మైనర్స్ (సైనిక ఇంజనీర్లు) మెసొపొటేమియాలో (నేటి ఇరాకు) పనిచేశారు. హైదరాబాదు లాన్సర్లు (అశ్వికదళం) పాలస్తీనా వైపు వెళ్లారు. కాబట్టి ముందు మీ ముత్తాత ఏ దళంలో చేరారో తెలుసుకోవడం మేలు.

ఇక్కడ ఒక చేదు నిజం చెప్పక తప్పదు. ఫ్రాన్సులోని నవ్ షపెల్ స్మారకంపై సమాధి తెలియని 4,700 మందికి పైగా భారతీయుల పేర్లు ఉన్నాయి. 1929లో ఆవిష్కరించిన, ఇరాకులోని బస్రా స్మారకంపై మాత్రం భారతీయ అధికారుల పేర్లే చెక్కి, సిపాయిలను దళాలవారీగా అంకెలతో సరిపెట్టారు. ఐరోపాలో చనిపోయినవాడికి పేరు, ఇరాకులో చనిపోయినవాడికి అంకె! కమిషన్ నియమించిన ప్రత్యేక కమిటీ 2021 ఏప్రిల్‌లో ఇచ్చిన నివేదిక ఈ వివక్షను అంగీకరించింది. పేరుతోగానీ, అసలు ఏ విధంగానైనాగానీ స్మరణకు నోచుకోని ఆఫ్రికా, ఆసియా సైనికులు, కూలీలు కనీసం 1,16,000 మంది ఉంటారని, ఆ సంఖ్య 3,50,000 వరకు ఉండవచ్చని అందులో ఉంది. జెహ్రెన్స్‌డోర్ఫ్ ఖైదీలు ఈ లెక్కన అదృష్టవంతులనే చెప్పాలి.

కమిషన్ వారి ఉచిత జాబితాలో ఇంటర్నెట్ ద్వారా వెతకవచ్చు. ఇంటిపేరుతో మొదలుపెట్టకండి, ఆనాటి గుమాస్తాలు తెలుగువారి సొంతపేరునే రాసుకొని, దాన్నీ విన్నట్టుగా ఇంగ్లీషులో పెట్టేవారు. ‘అప్పలస్వామి’ ఏ నాలుగు రకాలుగానైనా కనిపించవచ్చు. దళం పేరు, సైనిక సంఖ్య, తండ్రి పేరు, ఊరు, తాలూకా పక్కపక్కన పెట్టుకొని పోల్చి చూడండి. పేరు దొరకకపోయినా, పింఛను కాగితంగానీ పతకంగానీ ఇంట్లో ఉంటే పతకం అంచును భూతద్దంతో చూడండి; ఆనాటి యుద్ధపతకాలపై సైనికుడి సంఖ్య, హోదా, పేరు, దళం అంచున చెక్కేవారు.