బీట వారిన కుండను పారేయాలా?

ప్రశ్న: నాకు రెండో కాన్పు జరిగి ఎనిమిది నెలలైంది. పాపను ఎత్తుకున్నా లోపలంతా డొల్లగా ఉంటోంది. పాప నిద్రపోయినా నాకు నిద్ర రాదు. వారానికొకసారి కుండలు చేయడం నేర్పే తరగతికి వెళుతున్నాను. నేను చేసిన కుండ ఆరేటప్పుడు పొట్ట దగ్గర బీట వారింది, నన్ను నేనే చూసుకున్నట్లనిపించింది. పగిలినది ఇంట్లో ఉండకూడదని అత్తయ్యగారు అంటున్నారు. ఇది కళ అవుతుందా? దీనితో నా దిగులు తగ్గుతుందా?
– పేరు వద్దన్న పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: మూతి, మెడ, పొట్ట అని కుండకు మన భాషే దేహంలోని పేర్లు పెట్టింది కనుక, ఆ బీటలో మిమ్మల్ని మీరు చూసుకోవడం వింత కాదు. 1950లో కెన్యాలో పుట్టి బ్రిటన్‌లో స్థిరపడిన మాగ్డలీన్ ఒడుండో చేసిన కుండలు నిండు గర్భాన్నీ, చాచిన మెడనూ, వంగిన నడుమునూ గుర్తుకు తెస్తాయి. 1970లలో నైజీరియాలోని అప్పటి అబూజాలో (నేటి సులేజా) లాడీ క్వాలీ వంటి స్త్రీలు పనిచేసిన కుమ్మరి కేంద్రంలో ఆమె నేర్చుకున్నారు. ఆమె కుమ్మరి సారె వాడకుండా, మట్టిని చేత్తోనే లేపి, నునుపుగా రుద్ది కాలుస్తారు. గాలి ఆడే మంటలో ఎర్రబడిన కుండే గాలి అందని మంటలో మళ్ళీ కాలిస్తే నల్లబడుతుంది. లోపలి ఖాళీని ఒక పలుచని గోడతో పట్టి నిలబెట్టడమే ఆమె పనిలో నాకు గొప్పగా తోస్తుంది. మీరన్న డొల్లతనానికీ మట్టిలో చోటుంది.

అయితే మట్టి పని వైద్యం కాదు. కాన్పయిన కొత్తలో వచ్చే దిగులు సాధారణంగా రెండు వారాల్లో తగ్గుతుంది. ఎనిమిది నెలలకూ తగ్గకపోతే తప్పక డాక్టరుకు చూపించుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం ప్రసవించిన స్త్రీలలో సుమారు 13 శాతం మంది మానసిక అనారోగ్యానికి, ముఖ్యంగా కుంగుబాటుకు, లోనవుతున్నారు. అది పాప మీద ప్రేమ తక్కువై వచ్చేది కాదమ్మా, చికిత్సతో తగ్గేది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. మీకు గానీ, పాపకు గానీ హాని చేయాలన్న ఆలోచన వస్తే ఆ క్షణమే ఇంట్లోవారికి చెప్పి ఆసుపత్రికి వెళ్ళండి.

ఇక ప్రతి బీటకూ మనసునే కారణం చేయకండి. పలుచని భాగం ముందుగా ఆరి కుంచించుకుపోతుంటే, మందమైన భాగం ఇంకా తడిగానే ఉంటుంది. ఆ లాగుడుకే గోడ చీలుతుంది. ఈసారి గోడ మందం సమంగా ఉంచి, పాలిథిన్ కవరు కప్పి నెమ్మదిగా ఆరనివ్వండి. ఈ కుండను మాత్రం దాచుకోండి. అది నీళ్ళు పోసే కుండ కాదనీ, మీరు చేసిన బొమ్మ అనీ అత్తయ్యగారికి చెప్పండి.