ప్రాసెసర్‌కి వాటర్ బ్లాక్ (లోపల నీళ్లు పారించి చిప్ వేడిని లాగేసే లోహపు దిమ్మ) సొంతంగా చేసుకోవాలంటే లోపల ఎలా కోయాలి?

అడుగు పలకకు రాగే వాడండి. రాగి ఉష్ణవాహకత మీటరు-కెల్విన్‌కు దాదాపు 400 వాట్లు, అల్యూమినియంది 237. పైగా రాగి రేడియేటర్ ఉన్న లూప్‌లో (నీళ్లు తిరిగే వలయంలో) అల్యూమినియం బ్లాక్ పెడితే అది క్షయమైపోతుంది.

అసలు పనితనమంతా గాడుల్లోనే ఉంది. ఒకే పెద్ద గుంట తొలిస్తే నీరు తగిలే ఉపరితలం చాలదు. మిల్లీమీటరు వెడల్పు గాడులు వరసగా కోస్తే అది ఎన్నో రెట్లు పెరుగుతుంది. రాగి జిగటగా కోసే పనిముట్టు పళ్లకు అంటుకుంటుంది, సన్నని ఎండ్ మిల్ (తిరుగుతూ కోసే కడ్డీ లాంటి పనిముట్టు) ఇట్టే విరుగుతుంది. నా లెక్కలో స్లిట్టింగ్ సా (పలుచని గుండ్రటి రంపపు బిళ్ల) నయం, కటింగ్ ఆయిల్ ధారాళంగా పోయండి. నీళ్లు సరిగ్గా చిప్ నడినెత్తిన దిగి రెండు పక్కలకూ పారాలి.

అడుగును గాజు పలక మీద ఎమెరీ కాగితం పరిచి చదును చేయండి. మూతకు ఓ-రింగ్ (నీళ్లు కారకుండా ఆపే రబ్బరు వలయం) తప్పనిసరి. కంప్యూటర్‌కి బిగించకముందే పంపు ఒక రోజంతా నడిపి లీకేజీ చూడండి.