మొదటి బండికి ముందు బరువు చూడండి, సీసీ తర్వాత

మీ ప్రశ్న సారాంశం ఇది: ఉండేది ఒడిశాలోని గుణుపురంలో, కొత్తగా ఉద్యోగం వచ్చింది, పని మీద బిస్సంకటక్, మునిగుడ, రాయగడ వైపు తరచూ తిరగాలి, అప్పుడప్పుడు కొరాపుట్ దాకా వెళ్లాలి. ఎత్తు అయిదడుగుల నాలుగంగుళాలు. ఇంతవరకూ గేర్లు లేని స్కూటరే నడిపారు. స్నేహితులేమో రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 తీసుకోమంటున్నారు, నాన్నగారేమో స్ప్లెండర్ చాలంటున్నారు. సరిహద్దు దాటి ఏపీలోని పార్వతీపురంలో కొంటే కలిసొస్తుందా అని కూడా అడిగారు.

నేను నాన్నగారి పక్షం. ఆయన మైలేజీ చూసి చెప్పి ఉంటారు, నేను బరువు చూసి చెబుతున్నాను.

మందుల సరఫరా పని మీద ఇటు కొరాపుట్ దాకా, అటు పర్లాకిమిడి దాకా చాలా ఏళ్లుగా బండి మీదే తిరుగుతున్నాను. మా దగ్గర కొత్తగా చేరే కుర్రవాళ్లకూ, మా మేనకోడలికీ గేర్ల బండి నేర్పింది నేనే. కొత్తవాళ్లు వేగం వల్లే పడతారని అందరూ అనుకుంటారు. నా కళ్లముందు పడినవాళ్లలో ఎక్కువమంది మాత్రం బండి ఆపిన చోట, లేదా ఆపబోతున్న చోట పడ్డారు.

రాయగడ నుంచి లక్ష్మీపురం ఘాట్ ఎక్కుతున్నారనుకోండి. ముందున్న లోడు లారీ మలుపులో ఉన్నట్టుండి ఆగింది. ఎదురుగా జేకేపూర్ కాగితం మిల్లుకు కర్రలు తీసుకెళ్లే లారీ దిగుతోంది, పక్కనుంచి దూరిపోయే వీలు లేదు. మీరూ ఆగాలి. ఎత్తు మీద బండి వెనక్కి జారకుండా కుడికాలు వెనక బ్రేకు మీద ఉంటుంది, కాబట్టి నేల మీద ఆనేది ఎడమకాలు ఒక్కటే. మన రోడ్లు వాననీళ్లు పోవడానికి మధ్యలో ఎత్తుగా, అంచువైపు వాలుగా ఉంటాయి. మనం నడిచేది ఎడమవైపు. అంటే మీ ఎడమకాలికి నేల మామూలుకన్నా కిందికి ఉంటుంది, పైగా ఆ అంచున కంకర ఉంటుంది. మునివేళ్లు తగిలి, బండి అరచేయంత ఎడమకు ఒరిగిందంటే చాలు, దాని బరువంతా ఆ ఒక్క కాలి మీదికి వస్తుంది. 112 కిలోల బండి అయితే తొడతో ఆపి నిలబెట్టుకుంటారు. 195 కిలోల బండి అయితే, వెనక ఒక మనిషి కూడా ఉంటే, కొత్తవాళ్ల వల్ల కాదు.

ఆ రెండు అంకెలూ మీరు అడిగిన రెండు బండ్లవే. స్ప్లెండర్ ప్లస్ సుమారు 112 కిలోలు, సీటు ఎత్తు 785 మిల్లీమీటర్లు. క్లాసిక్ 350 బరువు 195 కిలోలు, సీటు ఎత్తు 805. సీటులో తేడా రెండు సెంటీమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ సీటు వెడల్పు కూడా లెక్కలోకి వస్తుంది. వెడల్పాటి సీటు మీద తొడలు దూరంగా జరుగుతాయి, పాదం నేలకు అందడం ఇంకాస్త తగ్గుతుంది. ఇది ప్రచార పత్రంలో ఉండదు, కూర్చుంటేనే తెలుస్తుంది.

అందుకే షోరూముకు రోజూ వేసుకునే చెప్పులో బూట్లో వేసుకునే వెళ్లండి. మెరిసే నున్నటి గచ్చు మీద కూర్చోబెడితే సరిపెట్టుకోకండి, బండిని బయటికి, వాకిట్లో వాలు ఉన్న చోటికి తెప్పించండి. కుడికాలు బ్రేకు మీద పెట్టి, ఎడమ పాదం మడమతో సహా ఆనుతుందో లేదో చూడండి. తర్వాత దిగి, హ్యాండిల్ పట్టుకుని నాలుగడుగులు వెనక్కి తోయండి. సెంటర్ స్టాండు ఉంటే ఎవరి సాయమూ లేకుండా వేయండి. ఈ మూడూ సునాయాసంగా చేయగలిగితే ఆ బండి మీది. సేల్స్‌మన్ తొందరపెడితే మరో రోజు వెళ్లండి, బండి ఎక్కడికీ పోదు.

350 సీసీ వరకూ జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గిందని మీ స్నేహితులు చెప్పే ఉంటారు. నిజమే, 2025 సెప్టెంబరు 22 నుంచి తగ్గింది. అయితే స్ప్లెండర్ మీదా అంతే శాతం తగ్గింది. క్లాసిక్ మంచి బండి, బరంపురం వైపు జాతీయ రహదారి మీద దాని నడక నాకూ ఇష్టం. క్లచ్ చేతికి అలవాటై, ఎత్తులో ఆగి మళ్లీ కదిలే పని ఆలోచించకుండా చేయగలిగే రోజు వచ్చాక అది కొనుక్కోండి.

చిన్న ఇంజన్ ఘాట్ ఎక్కదన్న మాట పట్టించుకోకండి. ఇద్దరితో వంద సీసీ బండి సుంకి ఘాట్ కూడా ఎక్కుతుంది, రెండో గేరులో మెల్లగా ఎక్కుతుంది. మెల్లగా ఎక్కడం కొత్తవారికి మంచిదే. మీతో రోజూ ఇంకొకరు ఉంటారన్నా, సామాను బరువు ఉంటుందన్నా 125 సీసీకి వెళ్లండి. హోండా షైన్ 125 కూడా దాదాపు స్ప్లెండర్ అంత బరువే, సీటు 791. నన్ను ఒక్కటే చెప్పమంటే మీ పనికి ఇదే చెబుతాను.

ఎక్కడం కన్నా దిగడం గురించి ఎక్కువ ఆలోచించండి. పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో వేసి ఘాట్ దిగేవాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు, దయచేసి ఆ అలవాటు చేసుకోకండి. ఎక్కేటప్పుడు ఏ గేరు వాడారో దిగేటప్పుడూ దాదాపు అదే గేరులో ఉంటే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. న్యూట్రల్‌లో భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. డ్రమ్ము బ్రేకు అదేపనిగా నొక్కితే వేడెక్కి పట్టు తగ్గిపోతుంది, అది తెలిసేసరికి మలుపు వచ్చేస్తుంది.

బ్రేకుల విషయంలో చట్టం ప్రకారం 125 సీసీ దాటిన కొత్త బండ్లకు ఏబీఎస్ తప్పనిసరి. 125, అంతకు లోపు వాటిలో చాలావాటికి సీబీఎస్ ఉంటుంది, అంటే వెనక బ్రేకు తొక్కితే ముందు బ్రేకు కూడా కొంత పడుతుంది. ఏబీఎస్ చక్రం బిగుసుకుపోకుండా చూస్తుంది. ముందు చక్రానికి ఏబీఎస్ ఉన్న 125 సీసీ బండ్లు ఇప్పుడు దొరుకుతున్నాయి. వానాకాలంలో కొండవాలు నుంచి ఎర్రమట్టి తారు మీదికి కొట్టుకొచ్చి నున్నగా పరుచుకునే రోడ్లు మనవి. అటువంటి బండి బరువు కూడా మీకు సరిపోతే, రంగులకూ స్టిక్కర్లకూ పెట్టే డబ్బు దీనికి పెట్టండి. ఏ బండి అయినా ముందు బ్రేకుకు భయపడకుండా నేర్చుకోండి. ఆగేటప్పుడు బరువు ముందుకు వస్తుంది, కాబట్టి బండిని నిజంగా ఆపేది ఎక్కువగా ఆ బ్రేకే. బండి నిటారుగా ఉన్నప్పుడు మెల్లగా పిండాలి, ఒరిగి ఉన్నప్పుడు కాదు.

కంపెనీ ఏదన్నది తేల్చుకోవడానికి నాకు తెలిసిన మంచి దారి ఒకటి ఉంది. మీరు తిరిగే ఊళ్లలో మెకానిక్ దుకాణాల ముందు కాసేపు నిలబడండి. గోడకు ఏ బండి క్లచ్ తీగలు, బ్రేకు షూలు వేలాడుతున్నాయో చూడండి. మునిగుడ దాటి లోపలి ఊళ్లో బండి ఆగిపోయినప్పుడు పనికొచ్చేది ఆ గోడే. ట్యూబ్‌లెస్ టైర్లున్న బండి తీసుకుంటే మేకు గుచ్చుకున్నా గాలి మెల్లగా దిగుతుంది, దుకాణం దాకా చేరుకోవచ్చు. అమ్మగారు వెనక కూర్చుంటారంటే చీర చక్రంలో పడకుండా గార్డు, పట్టుకోవడానికి పిడి తప్పక ఉండాలి.

ఇక పార్వతీపురం సంగతి. మీరు ఉండేదీ, బండి ఉంచేదీ ఒడిశాలో కాబట్టి రిజిస్ట్రేషన్ కూడా ఇక్కడే చేయించాలి. అక్కడి బంధువుల చిరునామాతో ఏపీ నంబరు వేయించమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు, వినకండి. ఒక రాష్ట్రంలో నమోదైన బండిని పన్నెండు నెలలకు మించి మరో రాష్ట్రంలో ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలి. అందుకు అక్కడి ఎన్వోసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం కావాలి, ఇక్కడ రోడ్డు టాక్సు కట్టాలి, అక్కడ కట్టిన దాంట్లో మిగులు వాపసుకు మళ్లీ తిరగాలి. ముందు మిగిలిందనుకున్నది అలా పోతుంది. గుణుపురంలో తక్కువ ధరకు దొరికే ఏపీ నంబరు పాత బండ్లకూ ఇదే వర్తిస్తుంది. పాతది తీసుకుంటే ఆర్సీలో అప్పు రద్దయిందో లేదో, చలానాలు బాకీ ఉన్నాయో చూసుకున్నాకే డబ్బు ఇవ్వండి. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి, మొదటి రెండూ అది తయారైన వారం, చివరి రెండూ సంవత్సరం. అయిదారేళ్లు దాటిన టైరు చూడటానికి బాగున్నా మార్చాల్సిందే, ఆ మేరకు ధర తగ్గించి అడగండి.

స్కూటర్ లైసెన్సు ఉన్నా గేర్ల బండికి విడిగా అర్హత కావాలి. లెర్నర్ లైసెన్సు ఆరు నెలలు చెల్లుతుంది, తీసుకున్న ముప్ఫై రోజుల తర్వాత పరీక్షకు వెళ్లవచ్చు. ఆ నెల రోజులూ నాన్నగారి స్నేహితుల్లో ఎవరి వంద సీసీ బండి అయినా అడిగి, ఎల్ బోర్డు పెట్టి, పక్కన తెలిసినవారిని ఉంచుకుని సాధన చేయండి. ఏదైనా చిన్న వాలు చూసుకుని ఆగడం, వెనక్కి జారకుండా కదలడం, మళ్లీ ఆగడం, అదే పని. ఆ తర్వాతే షోరూముకు వెళ్లండి. అప్పుడు ఏ బండి మీ చేతికి లొంగుతుందో మీకే తెలుస్తుంది. బండికి అనుకున్న డబ్బులోంచి ముందుగానే ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్లు రెండింటికి పక్కన పెట్టండి, వెనక కూర్చునేవారికీ చట్టప్రకారం అది తప్పనిసరి. పట్టీ బిగించి తల అటూ ఇటూ తిప్పితే హెల్మెట్ తలతో పాటే తిరగాలి, విడిగా కదిలితే ఒక సైజు తగ్గించి అడగండి.