స్టిల్ట్‌లో (అపార్ట్‌మెంట్ కింద స్తంభాల మధ్య పార్కింగ్ చోటులో) బిల్డర్ గది కట్టి అమ్మేశాడు, ఏం చేయాలి?

పోలీస్ కంప్లైంట్ ఇవ్వాలా, కోర్టుకు వెళ్లాలా అని అడిగారు. రెండూ తర్వాత. మీ ఓనర్స్ అసోసియేషన్ రిజిస్టర్ అయి ఉందా? లేకపోతే ముందు ఆ పని చూడండి.

మాది గుంటూరు బ్రాడీపేట. మా అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ గది పక్కన రెండు కార్లు పట్టే చోట బిల్డర్ గోడ లేపి షట్టర్ బిగించాడు. జిరాక్స్ షాపు పెట్టుకునే ఆయనకు అమ్మేశానన్నాడు. ఆదివారం అందరం టెర్రస్ మీద చేరి ఒకటే అరుపులు. తలా ఒక సలహా. లాయర్ గారి దగ్గరకు వెళ్తే ఆయన అడిగింది ఒక్కటే: "నోటీసు ఎవరి పేరు మీద పంపమంటారు?" ఎవరూ మాట్లాడలేదు. మెయింటెనెన్స్ డబ్బులు కూడా రెండో అంతస్తు మాస్టారి సొంత ఖాతాలోనే ఉన్నాయి. అసలు అసోసియేషన్ ఏర్పాటు చేయించే బాధ్యత రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం బిల్డర్‌దే. ఏ బిల్డరూ తనంతట తాను చేయడు, ఎందుకు చేస్తాడు?

2001 సొసైటీల చట్టం కింద ఏడుగురు సభ్యులుంటే చాలు. రిజిస్టర్ చేయించి, సమాచార హక్కు దరఖాస్తుతో కార్పొరేషన్ నుంచి శాంక్షన్ ప్లాన్ కాపీ తెచ్చాం. అందులో స్టిల్ట్ మొత్తం పార్కింగే, గది ఊసే లేదు. ఆ కాపీ జతచేసి అసోసియేషన్ పేరు మీద నోటీసు పంపాక బిల్డర్ దారికొచ్చాడు. గోడ తీసేశారు. స్టిల్ట్ పార్కింగ్‌ను విడిగా అమ్మడానికి వీల్లేదని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. అది మహారాష్ట్ర చట్టం మీద వచ్చిన తీర్పే అయినా, మన 1987 అపార్ట్‌మెంట్ల చట్టం కూడా ఉమ్మడి స్థలాన్ని విడదీయనివ్వదు. దస్తావేజులో మీకు రాసిచ్చిన అవిభక్త వాటా (విడగొట్టని ఉమ్మడి వాటా) ఆ స్టిల్ట్ కింద నేలలోనూ ఉంది.

నాకు ఒళ్లు మండేది బిల్డర్ మీద కన్నా మన ఓనర్ల మీదే. అద్దె మాత్రం నెలనెలా తీసుకుంటారు, సంతకం పెట్టమంటే ఫోనెత్తరు. మెయింటెనెన్స్ అంటే "వచ్చే నెల చూద్దాం." అలాంటివాళ్లకు నీళ్లు ఆపేద్దామని మా దగ్గరా కొందరన్నారు. ఆ పని మాత్రం చేయకండి, కేసు తిరిగి మీ మీదే పడుతుంది. బకాయికి కూడా అసోసియేషన్ పేరు మీద నోటీసు పంపండి, కట్టకపోతే సివిల్ కోర్టులో దావా వేయండి.